చలికాలపు మంచె కాపలా: భద్రాచలం మన్యం

చేతికొచ్చిన పంట అడవి జంతువుల పాలు కాకుండా రైతు పొలంలో కట్టుకున్న మంచె మీద రాత్రంతా మేలుకొని ఉండటమే మంచె కాపలా. భద్రాచలం చుట్టుపక్కల అడవిని ఆనుకున్న కోయ, కొండరెడ్డి, నాయకపోడు, లంబాడా పల్లెల్లో కార్తీకం నుంచి మాఘం దాకా సాగే పని ఇది. ఒకప్పుడు ఇలాంటి మంచెల మీదే వేటగాళ్లూ కూర్చునేవారు. ఇద్దరూ కూర్చునేది ఒకే తీరు మంచె మీద, ఇద్దరికీ పట్టేది ఒకటే చలి. దాన్ని ఆపుకునే పద్ధతి మాత్రం వేరు. కాపలావాడికి జంతువు రాకూడదు. కాబట్టి మంట వేసుకోవచ్చు, పాడుకోవచ్చు, దగ్గొచ్చు, దిగి నాలుగడుగులు తిరగొచ్చు. వేటగాడికి జంతువు రావాలి. కాబట్టి వీటిలో ఒక్కటీ కుదరదు. మంచె మీది చలి గురించి చెప్పుకోవాల్సినవి చాలావరకు ఈ తేడాలోంచి వచ్చేవే.

ప్రదేశం, చలి

భద్రాచలం గోదావరికి ఎడమ ఒడ్డున ఉంది. 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వారికి వెళ్లిన ఈ ప్రాంతం కొంతకాలం మధ్య పరగణాల కింద ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలతో పాటు భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పట్టణం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. తూర్పున పాపికొండల వరుస, పడమర కిన్నెరసాని అడవి, ఉత్తరాన ఛత్తీస్‌గఢ్, శబరి దాటితే ఒడిశా అడవులు. కిన్నెరసాని 1977లో అభయారణ్యమైంది. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు పెరిగే ఈ ఆకురాల్చే అడవుల అంచునే పొలాలుంటాయి.

ఈ ప్రాంతం ఎండకు పేరు పడింది. భద్రాచలంలో చలేమిటని బయటివాళ్లు అడగడం సహజమే. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఉత్తరగాలి బలంగా వీచిన రోజుల్లో అడవి పల్లెల్లో 10 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికీ దిగుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో పడి, మామూలుకన్నా 4.5 డిగ్రీలైనా తగ్గితే భారత వాతావరణ శాఖ దాన్ని చలిగాలుల స్థితిగా లెక్కిస్తుంది. ముక్కోటి నాడు ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామున బారులు తీరే యాత్రికులు ఆ చలిని ఒక్క పూట చూసి వెళ్తారు. పొలం కాసేవాడికి అది రోజూ ఉండే రాత్రి. పైగా ఈ అక్షాంశం దగ్గర డిసెంబరు రాత్రి దాదాపు 13 గంటల పొడవు.

ఉష్ణోగ్రత అంకె ఒక్కదాన్నే చూస్తే మంచె మీది పరిస్థితి అర్థం కాదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి లోయలోకి చేరుతుంది. వాగు పక్కన పల్లపు పొలంలో మంచు కమ్ముకొని ఉన్నప్పుడు, దానికి పైన కొండవాలులో ఉన్న పోడు చేను రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండటం ఇందుకే. గాలి కదలని రాత్రి నేల మీదికన్నా రెండు నిలువుల ఎత్తున కాస్త వెచ్చగా ఉండటానికీ ఇదే కారణం. మంచెను ఎత్తుగా కట్టేది చూపు ఆనడానికీ, పాము, ఎలుగు భయానికీ అయినా, గాలిలేని రాత్రుల్లో ఆ ఎత్తు చలికి కూడా పనికొస్తుంది. గాలి లేచిందంటే ఆ లాభం పోతుంది. నేల మీద గట్టు అడ్డముంటుంది, పైన ఏ అడ్డూ ఉండదు.

మంచె

నాలుగు గుంజలు పాతి, వాటి పంగల్లో అడ్డకర్రలు వేసి, పైన వెదురు బద్దలో తడికో పరిస్తే మంచె సిద్ధం. చాలాచోట్ల కట్టుకు అడ్డతీగ నార వాడేవారు, ఇప్పుడు నైలాన్ తాడూ ఇనుప తీగా వచ్చాయి. పైకప్పు రెల్లుగడ్డి, తాటాకు, లేదంటే టార్పాలిన్ పట్టా. పొలం మధ్యలో చెట్టుంటే దాని కొమ్మల్లోనే కట్టేస్తారు. ఆకు దట్టంగా ఉన్న చెట్టు కింద కూర్చున్నవాడికీ, ఆరుబయట మంచె మీద కూర్చున్నవాడికీ చలిలో తేడా తెలుస్తుంది. తల మీద ఆకో కప్పో ఉంటే ఒంటి వేడి నేరుగా ఆకాశానికి పోదు, ఒళ్లు మంచుకు తడవదు.

మంచెకు బలహీనమైన చోటు కిందివైపు. వెదురు బద్దల సందుల్లోంచి గాలి నేరుగా నడుముకూ తొడలకూ తగులుతుంది. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కింద పరుపు లేకపోతే లాభం లేదు. ఒంటి బరువుకు నలిగిన బట్టలో గాలి నిలవదు, గాలి నిలవని బట్ట వేడిని ఆపలేదు. అందుకే అనుభవమున్నవాళ్లు పై దుప్పటికన్నా ముందు కిందిది చూసుకుంటారు. జానెడు మందాన వరిగడ్డి, దాని మీద గోనెపట్టా, ఆ పైన బొంత. వరిగడ్డి కాడ లోపల డొల్లగా ఉంటుంది. ఆ డొల్లల్లోనూ కాడల మధ్యనూ చిక్కుకున్న గాలే అసలు పరుపు. నలిగిన గడ్డి తీసి కొత్తది వేసుకోవడం వారం పది రోజులకోసారి తప్పని పని.

కదలని ఒంటికి చలి

నడుస్తున్నవాడికి లేని చలి కూర్చున్నవాడికి ఎందుకు పడుతుంది? ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు. నడిచేటప్పుడు అది రెండు మూడింతలవుతుంది. పొద్దుగూకే ముందు పొలానికి చేరేవాడు వడివడిగా నడిచొచ్చి, చెమటతో మంచె ఎక్కి, అక్కడ ఒక్కసారిగా ఆగిపోతాడు. ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, ఒంటిమీది తడి ఆరుతూ ఉన్న వేడినీ పట్టుకుపోతుంది. మొదటి రెండు గంటల్లోనే చలి కొట్టిందంటే చాలాసార్లు తప్పు ఆ చెమటదే. చొక్కా భుజాన వేసుకొని నడిచి, మంచె ఎక్కాక ఒళ్లు తుడుచుకొని పొడి బట్ట కట్టుకోవడం పాత పద్ధతి. ఉత్తర అమెరికాలో జింకల వేటకు చెట్టు మంచెలెక్కేవాళ్లు ఇప్పటికీ ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే. వాళ్ల చలి సున్నాకు కింద, మనది పదికి పైన. ఒళ్లు పనిచేసే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే.

చలి తగలగానే చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం లోపలి అవయవాల వైపు మళ్లుతుంది. వేళ్లు, పాదాలు, చెవులు ముందు చల్లబడేది అందుకే. వేళ్ల చర్మం 15 డిగ్రీలకన్నా చల్లబడితే సూక్ష్మమైన పనులు చేతకావు. అగ్గిపుల్ల గీయడం కష్టమవుతుంది, ఒడిసెలలో రాయి పట్టదు. ఆ తర్వాత వచ్చేది వణుకు. అది కండరాలు తమంతట తాము పని కల్పించుకొని వేడి పుట్టించుకోవడం. ఊరికే కూర్చున్నప్పటికన్నా మూడు నాలుగింతల వేడి దానివల్ల పుట్టగలదు, కానీ ఒంట్లో ఇంధనం త్వరగా తరిగిపోతుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. దానికి మంచు కురిసే దేశమే కానక్కర్లేదు. పది పన్నెండు డిగ్రీల దగ్గర, తడిసిన బట్టలతో, గాలిలో, ఆకలితో ఉన్న ముసలివాడికి అది రావచ్చు. వయసు మీద పడ్డకొద్దీ రక్తనాళాలు ముడుచుకోవడం మందగిస్తుంది, చలి తెలియడం కూడా తగ్గుతుంది. పొలం కాపలా చాలా ఇళ్లలో ముసలివాళ్ల వంతుకే వస్తుంది కాబట్టి ఈ మాట ఇక్కడ గట్టిగానే చెప్పుకోవాలి. మాట తడబడటం, మగతగా ఉండటం, వణుకుతున్నవాడు వేడి తగలకుండానే వణకడం మానేయడం, ఇవి ప్రమాద సూచనలు.

తల కప్పుకుంటే చలంతా పోతుందని, ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. తల నుంచి పోయే వేడి దాని వైశాల్యానికి తగ్గట్టు పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. మిగతా ఒళ్లంతా కప్పుకొని తల ఒక్కటే వదిలేస్తే మాత్రం ఆ లోటు బాగా తెలుస్తుంది. చెవులకు తువాలు చుట్టుకోవడమో మంకీ టోపీ పెట్టుకోవడమో సుఖమే. కాకపోతే చెవులు మూసుకున్నవాడికి పంది అలికిడి వినిపించదు. చాలామంది ఒక చెవి వదిలేసి తువాలు చుట్టుకోవడం చలికీ కాపలాకీ కుదిరిన రాజీ.

గొంగడి, గోనె

తెలంగాణ పల్లెల్లో చలికీ వానకూ పాతకాలం నుంచి ఉన్న మందు గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసే ఈ కంబళికి చింతగింజల గంజి పట్టించి బిగువు తెస్తారు. అడవి పల్లెలవాళ్లకు ఇది సంతలో కొనుక్కునే వస్తువు. మంచె మీద దీన్ని మించింది లేదంటే అతిశయోక్తి కాదు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకొని కూడా ఒంటికి తడిగా తగలదు. పైగా తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని వదులుతుంది. నూలు దుప్పటి మంచుకు తడిస్తే పోగులు అతుక్కుపోయి గాలి ఖాళీలు మూసుకుపోతాయి. కప్పుకున్నా కప్పుకోనట్టే. గొంగడిని ఒక కొసన మడిచి కొప్పెర చేసుకుంటే తల, వీపు, భుజాలు ఒక్కసారే కప్పుకొని చేతులు బయట పెట్టుకోవచ్చు. నిప్పురవ్వ పడితే ఉన్ని కమురుతుందే తప్ప భగ్గుమని అంటుకోదు. నెగడు పక్కన కూర్చునేవాడికి ఇది చిన్న సంగతి కాదు. ఇప్పుడు సంతల్లో చవకగా దొరికే పాలియెస్టర్ రగ్గు మెత్తగా, తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది. కానీ రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

గొంగడి వెనకబడటానికి రగ్గు ఒక్కటే కారణం కాదు. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగి దక్కనీ మందలు తగ్గాయి. నేసేవాళ్లూ తగ్గారు. మంచి గొంగడి ధర ఇప్పుడు కూలిమనిషికి అందేది కాదు.

కాళ్ల సంగతి గోనెసంచి చూసుకుంటుంది. సంచి అడుగున గడ్డి కూరి, రెండు కాళ్లూ మోకాళ్ల దాకా అందులో దూర్చి కూర్చుంటారు. జర్మనీలో, ఆస్ట్రియాలో ఎత్తు మంచెల మీద వేటకు కూర్చునేవాళ్లకు దుకాణాల్లో ఖరీదైన ఉన్ని సంచులు అమ్ముతారు. బూట్లతో సహా నడుము దాకా దూరి, జిప్పు లాక్కొని కూర్చోవచ్చు. ఆలోచన ఒకటే, గోనెసంచికి జిప్పు లేదు.

వేడిని ఆపే శక్తికి శాస్త్రజ్ఞులు 1941లో ‘క్లో’ అనే కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి సుఖంగా ఉండే దుస్తులు ఒక క్లో. పది డిగ్రీల దగ్గర కదలకుండా రాత్రంతా కూర్చోవాలంటే దానికి రెట్టింపుకు పైగా కావాలి. పంచె, చొక్కా, ఒక దుప్పటితో అది సరిపోదు. మిగిలిన లోటు తీర్చేది నిప్పు.

నెగడు

కాపలావాడి నిజమైన బలం నెగడు. మంచెకు పక్కగా, గాలి వచ్చే వైపు కాకుండా, రెండు మూడు లావుపాటి మొద్దుల కొసలు కలిపి మంట వేస్తారు. కొసలు కాలేకొద్దీ మొద్దుల్ని లోపలికి తోస్తూ పోతే ఒక మొద్దు రెండు మూడు రాత్రులొస్తుంది. మంటకూ నిప్పుకూ వేరువేరు కట్టెలు కావాలి. ఎండు వెదురు, తునికి చిదుగులు త్వరగా అంటుకొని వెలుగిస్తాయి, అంతే త్వరగా ఆరిపోతాయి. సండ్ర, నల్లమద్ది లాంటి చేవ ఉన్న కర్ర మెల్లగా కాలి గట్టి నిప్పునిస్తుంది. పచ్చి వెదురు మంటలో వేస్తే కణుపుల మధ్య గాలి వేడెక్కి ఢామ్మని పగులుతుంది. దాన్ని కావాలనే వేసేవాళ్లున్నారు. టపాకాయ ఖర్చు తప్పుతుంది.

ఒకే నెగడు చేసే పనులు నాలుగైదు. వెచ్చదనం ఒకటి. వెలుగు చూసి జంతువు తటపటాయించడం మరొకటి. పొగకు దోమ దూరంగా ఉంటుంది, మలేరియా ఎప్పుడూ వదలని ఈ మన్యంలో అదీ లెక్కే. జావ వేడి చేసుకోవడానికీ అదే. అన్నిటికన్నా ముఖ్యం, అది మనిషిని మంచె దింపుతుంది. నిప్పు ఎగదోయడానికి గంటకోసారి దిగి, ఆ ఊపులో పొలం చుట్టూ ఒక చుట్టు తిరిగి, నాలుగు కేకలు వేసి, డబ్బా మోగించి వచ్చేవాడికి కాళ్లలో రక్తం ఆడుతుంది. ఆ నడక చలికాచుకోవడంలో సగం.

మంట వేడి ముందువైపే తగులుతుంది. వీపు చల్లగానే ఉంటుంది. వెనక తడికో గడ్డిమోపో నిలబెడితే గాలి ఆగుతుంది, కొంత వేడి వెనక్కి తిరిగొస్తుంది. మంచె కిందే నెగడు వేసుకునేవాళ్లూ ఉన్నారు. వెచ్చగా ఉండే మాట నిజమే, కానీ పైన పరిచింది ఎండుగడ్డి. మంచె మీదికే నిప్పు కావాలనుకుంటే ఒక మూల మందంగా మట్టి మెత్తి దాని మీద పెట్టుకోవాలి. నాలుగు వైపులా పట్టా కట్టేసిన గుడిసెలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి అది తెలియదు.

రాత్రిలో అన్నిటికన్నా చల్లని వేళ సూర్యోదయానికి కాస్త ముందు. మొద్దులు అయిపోవచ్చేదీ, కాపలావాడికి కన్ను మూతపడేదీ అప్పుడే. పంటను కుమ్మేయడానికి అడవి పందుల మంద తరచు ఆ వేళకే దిగుతుంది. పందికి చూపు మందం, ముక్కు మాత్రం చాలా చురుకు. మనిషి అలికిడి ఎప్పుడు ఆగిందో దానికి బాగా తెలుసు. కొన్ని కట్టెల్ని నాలుగో జాము కోసం విడిగా దాచుకోవడం, ఇద్దరు వంతులేసుకొని నిద్రపోవడం ఇందుకే. పొరుగు మంచెలవాళ్లు ఒకరినొకరు కేకేసి పలకరించుకోవడం కూడా కబుర్ల కోసం కాదు, నిద్రపోయారో లేదో చూసుకోవడానికి.

జావ, కల్లు, చుట్ట

ఒంట్లో వేడి పుట్టాలంటే కడుపులో ఏదో పడాలి. పొద్దుగూకే ముందు జొన్న అన్నమో వరి అన్నమో తిని, అర్ధరాత్రి దాటాక వేడి జావ తాగడం తెలివైన ఏర్పాటు. జావ వేడికన్నా అందులోని పిండి ముఖ్యం. గ్లాసెడు వేడినీళ్లు ఒంటి ఉష్ణోగ్రతను పెద్దగా పెంచవు, అరిగే తిండి గంటల తరబడి వేడినిస్తుంది. నిప్పుల్లో కాల్చుకునే దుంపలు, మొక్కజొన్న కంకులు కాలక్షేపం, తిండి రెండూను.

ఇప్పసారా, జీలుగు కల్లు చలికి మందని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. తాగగానే వెచ్చగా అనిపించడం నిజం. కానీ ఆ వెచ్చదనం లోపలి నుంచి బయటికి పోతున్న వేడి. సారా చర్మం కింది రక్తనాళాల్ని తెరుస్తుంది, అంతదాకా లోపల దాచుకున్న వేడి చర్మానికి వచ్చి గాలిలో కలుస్తుంది. వణుకూ తగ్గుతుంది, అంటే ఒంటికున్న చివరి రక్షణ కూడా సడలుతుంది. తెల్లారాక ఇంటికెళ్లి తాగేవాడికి దీనివల్ల చలి బాధ లేదు, మంచె మీద తాగేవాడికి ఉంది. లంక పొగాకు చుట్టదీ ఇలాంటి కథే, కాకపోతే తిరగేసి. నికోటిన్ రక్తనాళాల్ని ముడిచి వేళ్లను ఇంకా చల్లబరుస్తుంది. ఈ మాట మంచె మీద చుట్ట కాల్చేవాడికి చెబితే నవ్వుతాడు. చుట్ట వెలుతురు, చుట్ట వాసన కూడా మనిషి ఉన్నాడని పందికి తెలియజేసేవే కదా అంటాడు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు.

వేటగాడి మంచె

కోయల సంప్రదాయ వేటకూ చలికాలపు మంచెకూ సంబంధం తక్కువ. వాళ్ల పెద్ద వేట విత్తనాల పండుగతో ముడిపడి ఎండాకాలంలో జరిగేది. ఊరి మగవాళ్లంతా విల్లంబులతో కలిసి అడవిని గాలించి జంతువును తోలే వేట అది. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి పంతొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాల్లో కోయల భాగం చాలావరకు ఆయన రాతల మీదే నిలబడింది. గోదావరి ఒడ్డు కొండరెడ్ల పోడు జీవితాన్ని క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో వచ్చిన పుస్తకంలో విపులంగా నమోదు చేశారు. కదలకుండా రాత్రంతా కూర్చొని జంతువు కోసం ఎదురుచూసే వేట వాళ్ల ప్రధాన పద్ధతి కాదు. అది తుపాకీతో, దొరలతో, జమీందార్లతో, నిజాం కొలువులోని షికారీలతో పెరిగిన అలవాటు. ఎరగా కట్టిన దున్నదూడకో, పులి చంపి వదిలిన పశువుకో ఎదురుగా చెట్టు మీద మంచె కట్టి, ఆకులు కప్పి, పొద్దుండగానే ఎక్కి కూర్చునేవారు. మంచె కట్టేదీ, ఎర కట్టేదీ, పొద్దున్నే వచ్చి దొరను దించేదీ ఊళ్లోని గిరిజనులే.

అలాంటి మంచె మీద చలికి దారులన్నీ మూసుకుపోతాయి. మంట లేదు, పొగ లేదు, దగ్గు లేదు. కాలు మడత మార్చినా వెదురు కిర్రుమంటుంది. అందుకే అన్నీ ముందే చూసుకోవాలి. చప్పుడు చేయని ఉన్ని దుస్తులు, కింద మందపాటి పరుపు, చంకల్లో పెట్టుకున్న చేతులు. కండరాల్ని కదలకుండానే బిగించి వదలడం ఒక ఉపాయం. తొడలు, పిక్కలు, పిడికిళ్లు వంతులవారీగా పది లెక్కపెట్టేదాకా బిగించి వదిలితే కొంత వేడి పుడుతుంది. వేటగాడు జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ నరభక్షి చిరుతపులి కోసం అలకనంద వంతెన బురుజు మీద చలిగాలిలో ఎన్నో రాత్రులు ఊరికే కూర్చున్నాడు. చివరికి 1926 మే నెలలో దాన్ని కొట్టింది ఒక మామిడి చెట్టు మంచె మీంచి. చలిలో పడ్డ కష్టం ఫలించలేదు, చలి పోయాక పని అయింది. నేటి అమెరికా వేటగాళ్లు బ్యాటరీతో వేడెక్కే కోట్లు, చేతి వెచ్చదనానికి ఇనుపరజను పొట్లాలు వాడతారు. గాలి తగలగానే ఇనుము తుప్పుపడుతూ వేడినిచ్చే పొట్లాలవి. అక్కడ మంచె వేటలో పెద్ద ప్రమాదం చలి కాదు, మంచె మీంచి పడిపోవడం. మొద్దుబారిన కాళ్లతో నిచ్చెన దిగడం ఎక్కడైనా ప్రమాదమే. దిగే ముందు కాసేపు కాళ్లు ఆడించుకోవాలన్నది కాపలావాడికీ వర్తిస్తుంది.

చట్టం

మన దేశంలో వేటగాడి మంచె చరిత్రలోకి వెళ్లిపోయింది. పులి వేటను 1970లో నిషేధించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణ వేట లైసెన్సుల విధానాన్నే ఎత్తేసింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది గాని వేటను ఆ హక్కుల నుంచి స్పష్టంగా మినహాయించింది. పంటను నాశనం చేసే జంతువు విషయంలో అధికారి రాతపూర్వక అనుమతితో మాత్రమే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద చర్య తీసుకోవచ్చు. రైతు తనంతట తాను కొట్టడానికి వీల్లేదు. తరిమే హక్కు మాత్రం ఎవరూ తీసేయలేదు. కాబట్టి మంచె, నెగడు, డబ్బా చప్పుడు పూర్తిగా చట్టబద్ధమైన ఆయుధాలు.

పొలం చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగి పంది కోసం వదలడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న జాడ్యం. చీకట్లో దానికి తగిలేది పందే కానక్కర్లేదు. పక్క పొలం రైతో, ఇంటికొస్తున్న కాపలావాడో, ఒక్కోసారి చిరుతపులో బలైపోతుంది. చలికి మంచె ఎక్కలేక ఇంట్లో పడుకోవాలన్న కోరిక దీని వెనక ఒక కారణమని ఒప్పుకోవాలి. ఆ కోరికను తప్పుపట్టలేం, ఆ తీగను సమర్థించలేం.

ఇప్పటి మార్పులు

క్షణకాలపు అధిక వోల్టేజీ జర్కుతో పనిచేసే సౌర కంచె, తల టార్చి, పులి గాండ్రింపో మనిషి అరుపో రికార్డు చేసి రాత్రంతా మోగించే మైకు మంచె పని కొంత పంచుకుంటున్నాయి. మైకుకు పందులు కొన్నాళ్లలో అలవాటు పడతాయి, అప్పుడు మళ్లీ మనిషే ఎక్కాలి. జొన్న, సామ తగ్గి పత్తి, మిర్చి పెరిగిన ఊళ్లలో కాపలా కూడా తగ్గింది. మొక్కజొన్న వేసిన ఊళ్లలో మళ్లీ పెరిగింది. అటవీ శాఖ వాళ్లు జంతువుల్ని లెక్కపెట్టడానికి నీటి గుంటల దగ్గర మంచెలెక్కేది ఎండాకాలం వెన్నెల రాత్రుల్లో. పులుల లెక్కకైతే ఇప్పుడు కెమెరాలే కూర్చుంటున్నాయి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. అప్పటికే అడవిలో ఆకు రాలి ఎండి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి అటవీ శాఖ కార్చిచ్చు కాలంగా లెక్కిస్తుంది. అడవి అంచున ఆర్పకుండా వదిలేసిన నెగడు ఒక కొండవాలును తగలబెట్టడానికి చాలు. చివరి కోతలు ఇంకా ఉన్న పొలాల్లో కాపలావాళ్లు అప్పుడు నెగడు చుట్టూ బారెడు వెడల్పున ఆకు ఊడ్చి, పొద్దున్నే నీళ్లు చల్లి, బూడిద మీద మన్ను కప్పి ఇంటికి వెళ్తారు.